సముద్రముపై బరువులెత్తు ఓడలు

(మన సంఘ వార్షిక మహాసభ రెండవనాటి ఉదయ సమావేశమున గావింపబడిన ఉపన్యాసము)

    

ఈ సభయందు ఏటేట మన కులచరిత్రమును గూర్చియో, విశ్వకర్మ వైభవమును గూర్చియో పెద్దలు ప్రసంగించుట వాడుకగ నున్నది. కార్యదర్శిగారు నన్నును అట్టి విషయమునే చెప్పుమని కోరిరి. పెక్కేండ్లు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న నాకు అది కష్టమైన పని గాదు. అయినను నేడు దానిని విడిచి, నడిసముద్రమున వేలకొలది టన్నుల బరువులనెత్తు క్రేను ఓడలను గూర్చి మనవి చేసికొనుటకు మీ యనుజ్ఞ వేడుచున్నాను. ఇందుకొక కారణము గలదు.

రెండేండ్ల క్రిందట సంక్రాంతి పండుగకు నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. మన కులమువాడే. తండ్రి మా యూర కొలిమి నడపి కర్రులు కొట్టి జీవించినవాడు. కుమారుడు పదవ తరగతితో చదువు చాలించి, వెల్డింగు నేర్చి, సింగపూరులోని యొక నౌకానిర్మాణశాలయందు చిరకాలము పనిచేసెను. అతడు తన ఫోనులో నొక మహానౌక చిత్రమును జూపి యిట్లనెను: "మాస్టారూ, దీని కాళ్ళకు అతుకులు వేసినవారిలో నేనొకడను. దీనిమీద రెండు క్రేనులున్నవి. ఒక్కొక్కటి 10,000 టన్నులెత్తునట. అంత బరువు ఒక ప్రక్కన వ్రేలాడుచుండగా ఓడ యేల ఒరిగిపోదండీ? అక్కడి యింజనీర్లనడుగ సిగ్గుపడితిని. తమరైన చెప్పుదురా?"

"నాకును తెలియదు నాయనా" అంటిని. అతడు నవ్వి ఊరకుండెను గాని నాకు ఆ రాత్రి నిద్ర రాలేదు. తన చేత అతికిన యినుము ఏల నిలుచుచున్నదో అతనికి తెలియదు. అతనికి చదువు చెప్పిన నాకును తెలియదు. నాటినుండి తెలిసినవారిని అడిగియు, గ్రంథములు చదివియు నేర్చికొన్న దానిని నేడు మీ యెదుట నుంచుచున్నాను.

ఓడలపై క్రేనులుంచుట నేటిది గాదు. అమెరికా నౌకాదళమువారు 'కియర్‌సార్జ్' అను యుద్ధనౌకను 1920లో క్రేను ఓడగ మార్చిరి. 1939లో మునిగిన 'స్క్వాలస్' అను జలాంతర్గామిని పైకి దీయుటలో అది తోడ్పడెను. పిమ్మట సముద్రగర్భమునుండి చమురును, గ్యాసును దీయు కార్యము ప్రబలినది. అందుకై సముద్రమున ఉక్కు కాళ్ళ చట్రమును నిలిపి, దానిపై యంత్రములును, నివాసపు గదులును గల పై అంతస్తును అమర్చవలయును. 1949లో ఒక అమెరికా సంస్థ 150 టన్నులెత్తు క్రేను గల బార్జీని ఇందుకై కట్టించెను. 1963లో నెదర్లాండ్సు దేశపు హీరెమా సంస్థవారు నార్వే దేశపు తైలనౌక నొకదానిని 300 టన్నుల క్రేను ఓడగ మార్చిరి. 1978లో ఆ సంస్థవారే 'బాల్డర్', 'హెర్మోడ్' అను రెండు ఓడలను కట్టించిరి. ఒక్కొక్క దానిపై 2,000 టన్నుల క్రేనొకటి, 3,000 టన్నుల క్రేనొకటి యుండెను. 1985లో జపానునందు కట్టబడి, నేడు 'థియాల్ఫ్' అను పేర బరగు ఓడ యొక్క రెండు క్రేనులును కలిసి 14,200 టన్నులెత్తును. నా శిష్యుడు జూపిన 'స్లైప్నిర్' 2019లో సింగపూరున సిద్ధమైనది. ఆ యేడు సెప్టెంబరు నెలలో మధ్యధరా సముద్రమునందు, ఇజ్రాయేలు దేశపు లెవయాతాన్ గ్యాసు క్షేత్రమున, అది 15,300 టన్నుల పై అంతస్తు భాగమును ఒక్కసారిగ ఎత్తి నిలిపెను.

ఇంత బరువును ఒక్కసారి ఎత్తనేల, ముక్కలుగ తీసికొనిపోయి అక్కడ అతుకరాదా యని మీరడుగవచ్చును. నడిసముద్రమున అతుకు వేయుట మిక్కిలి వ్యయప్రయాసములతో గూడిన పని. కెరటములు లేచిన దినమున పనివారందరును చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. ఒడ్డున నీడపట్టున అంతయు కూర్చి, పరీక్షించి, సిద్ధమైన దానిని తీసికొనిపోయి యుంచిన, పూర్వము ఒక ఋతువంతయు పట్టిన పని కొన్ని వారములలో ముగియును. క్రేనుల బలము పెరిగిన కొలది సముద్రముపై మనుష్యుడు గడుపవలసిన దినములు తగ్గినవి. ఇదియే యీ ఓడల ప్రయోజనము.

ఇక నా శిష్యుని ప్రశ్నకు వత్తము. మీలో పల్లెలయందు పెరిగిన పెద్దలు ఏతమును జూచియుందురు. దూలముపై మనుష్యుడు బావివైపునకు నడచిన బొక్కెన దిగును. వెనుకకు నడచిన నీటితో నిండి పైకి వచ్చును. ఆ మనుష్యుని బరువు మారలేదు. ఆధారమునుండి అతని దూరము మాత్రమే మారినది. బరువును దూరముచే గుణింపగా వచ్చు ఫలమే ఒరిపించు శక్తి. క్రేను ఓడ యొక్క విద్యయంతయు ఈ గుణకారమునందే యున్నది.

ఒక లెక్క చూడుడు. ఓడ నడుమనుండి 60 మీటర్ల దూరమున 5,000 టన్నుల బరువు వ్రేలాడుచున్నదనుకొందము. ఒరిపించు శక్తి 3,00,000. దీనికి సరితూగుటకు రెండవ ప్రక్కన, నడుమనుండి 40 మీటర్ల దూరములో నున్న తొట్లయందు 7,500 టన్నుల నీరుండవలయును. ఇట్లు ఓడను సరిదిద్దుటకై నింపెడు నీటిని బల్లాస్టు నీరందురు. క్రేను బరువును ఎత్తుచున్నంతసేపును పంపులు నీటిని ఆవలి ప్రక్కకు త్రోయుచుండును. చూపరులకు క్రేను ఇనుమును ఎత్తుచున్నట్లు కనబడును. ఓడ గర్భమున మాత్రము ఏటిపాయ వంటి నీటి ప్రవాహమొకటి ఏతముపై మనుష్యునివలె వెనుకకు నడచుచుండును.

ఇందు రెండు అపాయములు గలవు. మొదటిది: బరువు డెక్కునుండి ఒక్క అంగుళము లేచినంతనే, ఓడ లెక్కలో అది డెక్కుపై లేదు, ఎంతో ఎత్తున క్రేను చేతి కొనయందున్నట్లే యెంచవలయును. నాటుపడవలో కూర్చున్నవాడు దిగ్గున లేచి నిలిచిన పడవ తొణకుట మీరెరుగుదురు. ఇదియు నట్టిదే. రెండవది: సగము నిండిన తొట్టి. వెడల్పైన పళ్ళెములో నీరు పోసికొని నడచిన, పళ్ళెము ఏ ప్రక్కకు వంగిన నీరు ఆ ప్రక్కకే పరుగెత్తి, వంపును మరింత పెంచును. కావున తొట్లను అడ్డుగోడలతో చిన్న గదులుగ విభజించి, సాధ్యమైనంతవరకు నిండుగనో, పూర్తిగ ఖాళీగనో యుంతురు.

ఓడ ఒరగకుండ నిలుపు మరియొక గుణము వెడల్పు. పొడవు మారకుండ వెడల్పు రెండింతలైన, ఒరుగుటను అడ్డగించు ఆకృతిబలము ఎనిమిదింతలగును. అట్లయిన వెడల్పైన పంటువంటి ఓడను గట్టిన చాలదా? చాలదు. అట్టి పంటు నీటిపై పరచిన పలకవంటిది. ప్రతి కెరటముతోను లేచి పడును. క్రేను ఓడకు వలసిన గుణములు రెండు: ఒరగకుండుటకు విశాలమైన ఆధారము, కదలకుండుటకు కెరటమునకు చిక్కని దేహము. పరస్పరవిరుద్ధములుగ దోచు ఈ రెంటిని సమకూర్చినదే 'థియాల్ఫ్' వంటి ఓడల నిర్మాణము.

థియాల్ఫునకు నీటిలోపల రెండు పొడవైన తెప్పలవంటి దేహములు గలవు. ఒక్కొక్కదానిపై నాలుగేసి స్తంభములు లేచి పైనున్న డెక్కును మోయును. ప్రయాణమునందు ఇది సుమారు 12 మీటర్లు మాత్రమే మునిగియుండును. పనివేళ నీరు నింపుకొని 26 మీటర్లకు పైగా దిగును. అప్పుడు తెప్పలు రెండును కెరటముల క్రిందికి పోయి, నీటిమట్టమున స్తంభములు మాత్రమే నిలుచును. కెరటము కల్లోలము పైపైనే గదా! కెరటపు పొడవులో సగము లోతునకు పోయిన నీటి కదలిక దాదాపు లేనట్లే. సన్నని స్తంభములను కెరటము అంతగా లేపజాలదు; దూరదూరముగ నిలిచిన ఆ స్తంభములే ఓడను ఒరగనీయవు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు క్షీరసాగరమథనము స్మృతికి వచ్చెను. మందరపర్వతము ఆధారము లేక మునిగిపోవుచుండగా, శ్రీమహావిష్ణువు కూర్మరూపమున నీటి యడుగున నిలిచి దానిని మోసెను. పైనున్న భారమునకు ఆధారము కెరటములకు అడుగున నుండవలెనను భావము మనోహరముగనే యున్నది. అయినను దీనిని బట్టి మన పూర్వులు ఇట్టి ఓడల నెరుగుదురని నేను చెప్పబోను. కథ కథయే, లెక్క లెక్కయే. భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువు ఓడలలోని భేదములను చక్కగ వర్ణించినదే. కాని సముద్రమందలి అయస్కాంతశిలలు లాగుకొనునను శంకచే ఓడపలకలను ఇనుముతో బంధింపవలదని యందే చెప్పబడినది. నేడు ఓడయంతయు ఇనుమే. పూర్వులు తమకు తెలిసినంత నిజాయితీతో వ్రాసిరి. వారిని గౌరవించుట యనగా వారు ఆగిన చోటినుండి ముందునకు నడచుట యని నా యభిప్రాయము.

ఎత్తుదినమునకు ముందు నెలల తరబడి జరుగు పని అంతయు కొలతయే. ఒడ్డుననే బరువును తూచి, దాని గురుత్వకేంద్రము ఎక్కడనున్నదో నిర్ణయింతురు. కొక్కెము సరిగ దానిపైన లేకున్న, బరువు లేచుచునే ప్రక్కకు వంగును. పిమ్మట మోకుల పొడవును, వాలును గణింతురు. ఇందొక చిత్రము గలదు. 1,000 టన్నుల బరువును రెండు మోకులతో ఎత్తిన, ఒక్కొక్క మోకుపై 500 టన్నులే పడునని మనమనుకొందుము. మోకులు నిట్టనిలువుగ నున్ననే అది నిజము. నేలమట్టమునకు 60 డిగ్రీల వాలుననున్న ఒక్కొక్కదానిపై 577 టన్నులు పడును. 30 డిగ్రీలకు వాలిన ఒక్కొక్కటియు పూర్తిగ 1,000 టన్నుల లాగుడును భరింపవలయును. బరువు మారలేదు, వాలు మారినంతనే మోకు తెగవచ్చును.

వాతావరణము తరువాతిది. కెరటము ఎత్తును మాత్రమే చూచిన చాలదు. ఒక కెరటమునకును మరొకదానికిని నడుమ కాలమును చూడవలయును. 25 మీటర్ల మోకునకు వ్రేలాడు బరువు ఒక ఊగు ఊగి వచ్చుటకు ఇంచుమించు 10 సెకనులు పట్టును. సముద్రపు పొంగు సైతము తరచుగ అంతే కాలమున వచ్చును. ఊయలను సమయము తప్పక తట్టిన పసిబిడ్డయైన పెద్ద ఊపు తెప్పించినట్లు, చిన్న పొంగే మహాభారమును ఊపివేయగలదు. కావున సముద్రము చూపునకు ప్రశాంతముగ నున్నను, లెక్క కుదరనిదే ఎత్తరు.

ఎత్తు సమయమున ఓడను నిశ్చలముగ నిలుపుటకు లంగరులుండును. లేదా ఉపగ్రహముల ద్వారా తన స్థానము నెరిగి, నలువైపుల ప్రొపెల్లర్లను కంప్యూటరు త్రిప్పుచు నిలుపును. బరువును ఒక్కసారిగ లాగరు. నూటికి ఇంతయని క్రమక్రమముగ మోకులకెక్కించి, ప్రతి మెట్టునను ఆగి చూతురు. చివరకు బార్జీనుండి విడిపోవు క్షణమున మాత్రము ఆలస్యము పనికిరాదు. బరువు దిగిన బార్జీ కెరటముతో లేచి దానిని క్రిందినుండి గ్రుద్దగలదు. ఆజ్ఞ యిచ్చు గొంతు ఒక్కటే యుండును. కాని "ఆపుడు" అను మాటను మాత్రము అందున్న ఏ పనివాడైనను, ఎంత చిన్నవాడైనను, పలుకవచ్చును, పలికినంతనే ఆపుదురు. ఈ యొక్క నియమమును మన సభలయందును, కర్మాగారములయందును పాటించిన ఎంత మేలు కలుగునో గదా!

ఇట్లు సర్వము గణించినను ప్రమాదములు కలుగవా? కలుగును. 2020 మే 2వ తేదీన జర్మనీలోని రోస్టాక్ రేవున 'ఓరియన్' అను క్రొత్త ఓడ క్రేనును పరీక్షించుచుండగా, 5,000 టన్నులకై చేయబడిన కొక్కెము సుమారు 2,600 టన్నుల దగ్గరనే విరిగెను. భారము తప్పినంతనే, అల్లెత్రాడు తెగిన విల్లువలె క్రేను చేయి వెనుకకెగిరి ఓడపై కూలెను. కొందరు గాయపడిరి. 2022 ఏప్రిల్ 14న నార్వేలోని స్టవాంగర్ సమీపమున 'సైపెమ్ 7000' అను మహానౌక క్రేనుకు పరీక్ష జరుగుచుండగా మోకు తెగి, పరీక్షాభారముగ నెత్తిన బార్జీలు నీటబడెను, ఓడ ఒరిగెను. బరువునకు సరితూగుటకై ఆవలి ప్రక్కనుంచిన నీరు, బరువు మాయమైన క్షణమున తానే ఒరిపించు శక్తియగునని మనము చేసిన గుణకారమే చెప్పుచున్నది. పిదప నీటిని సరిచేసి ఓడను నిలిపిరి. ఎవరికిని తీవ్రగాయములు కలుగలేదు.

ఈ రెండును పనివేళ గాక పరీక్షవేళ జరిగినవని గమనింపుడు. మన స్వర్ణకారులు ఎంత నమ్మకమైన చేతినుండి వచ్చిన బంగారమునైనను గీటురాతిపై గీయక గైకొనరు. అది అవమానము గాదు, ధర్మము. ఆ కొక్కెము పరీక్షలో విరుగక, మనుష్యులు పనిచేయుచున్న ప్లాట్‌ఫారముపై విరిగియుండిన ఏమయ్యెడిదో యూహింపుడు. పరీక్షలో బయటపడిన లోపము నష్టమైనను ఒక విధమున ఉపకారమే.

క్రేను లేకయే ఎత్తు ఓడలును వచ్చినవి. 382 మీటర్ల పొడవు గల 'పయొనీరింగ్ స్పిరిట్' ముందుభాగము రెండుగ చీలియుండును. ప్లాట్‌ఫారమును ఆ చీలిక నడుమకు తెచ్చుకొని, ఓడలోని నీటిని వెడలించి తాను లేచుచు దానిని భుజములపై నెత్తుకొనును. 2017లో ఉత్తరసముద్రమున, పని ముగిసిన 'బ్రెంట్ డెల్టా' ప్లాట్‌ఫారముయొక్క 24,200 టన్నుల పై అంతస్తును అది యొక్కసారిగ తొలగించెను. నిలిపినదానిని తీయుట సైతము నేడొక గొప్ప విద్యయైనది. సముద్రమున గాలిమరలను నిలుపుటకును ఇట్టి ఓడలే కావలసియున్నవి.

సోదరులారా! ఈ విషయము మనకు దూరమైనది కాదు. కాకినాడ తీరమున కెదురుగ, కృష్ణాగోదావరుల సముద్రక్షేత్రమున, 2009 ఏప్రిల్‌లో గ్యాసు వెలికివచ్చెను. విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో కట్టబడిన 'జల ఉష' 1948లోనే జలప్రవేశము చేసెను. మన బిడ్డలు సింగపూరునను, అరబ్బు దేశములయందును వెల్డర్లుగ, ఫిట్టర్లుగ పనిచేయుచున్నారు. ఆ పని గౌరవప్రదమైనది. దానిని తక్కువసేయు మాట నా నోట రాదు. అతుకు నిలువనిదే లెక్క నిలువదు. అయినను గురిగింజ యెత్తు బంగారమునకు లెక్క తప్పనివారి బిడ్డలు, 10,000 టన్నుల లెక్క తమది కాదని దూరముగ నిలుచుట తగునా? సుత్తి మన చేతను, కొలత ఇతరుల చేతను ఉండుట మన కులవిద్యకు సగము పోయినట్లే.

రేపటి తీర్మానములలో కల్యాణమండపమునకు పై అంతస్తు వేయవలెనా, విద్యానిధిని పెంచవలెనా అను చర్చ రానున్నదని విన్నాను. మండపమునకు విరాళమిచ్చిన దాతలయెడ నాకు కృతజ్ఞతయే గలదు. అయినను ఏ పై అంతస్తునకైనను క్రింది యాధారమును ముందు చూడవలెనని నేటి ప్రసంగమంతయు చెప్పుచున్నది. విద్యానిధి నుండి ఏటేట కొందరు బాలబాలికలను నౌకానిర్మాణశాస్త్రమునకు పంపుదము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును, విశాఖలోని భారత సముద్రయాన విశ్వవిద్యాలయ ప్రాంగణమునందును, మదరాసు, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లయందును ఓడల నిర్మాణమునకును సముద్రపు కట్టడములకును సంబంధించిన చదువులు గలవు. ఇదివరకే పనిలోనున్న యువకులకు సెలవులలో నకాశా చదువుటయు, గణితమును నేర్పు తరగతులను పెట్టుదము. గణితము చెప్పు ఉపాధ్యాయులు మనలో లేకపోలేదు. ఓపికయున్నంతకాలము చాప పరచి, పేర్లు వ్రాసికొను పనికైన నేను సిద్ధముగ నున్నాను.

ఈ యేడు సంక్రాంతికి నా శిష్యుడు మరల వచ్చెను. ఇత్తడి పళ్ళెమున నీరు పోసి, త్రాసుకోల నొకదానిని చేతబట్టి, పైన చెప్పినదంతయు అతనికి చూపితిని. చాలసేపు పళ్ళెమువంక జూచి, "మాస్టారూ, ఈ లెక్క నాకు పదునైదేండ్ల క్రిందట తెలిసియుండిన..." అని ఆగిపోయెను. ఆ వాక్యమును అతడు ముగింపలేదు. అతని వెనుక వచ్చుచున్న పిల్లల విషయమున దానిని ముగింపవలసిన భారము మనది.

 ఇందు తప్పులున్న విజ్ఞులు మన్నించి దిద్దుదురుగాక! విశ్వకర్మ భగవానుడు మన బిడ్డల చేతులకు నేర్పును, బుద్ధికి కొలతను ప్రసాదించుగాక!

స్వస్తి.